గడప బయటి బిందె

హలో… ఆ, నేనేనమ్మా, కరుణని. అభిషేక్ ఫోన్ నా దగ్గరే ఉంది… ఏం లేదు, మందుల షాపుకి వెళ్తా నా చేతికిచ్చి వెళ్లాడు.

…లేదు, గొంతు బాగానే ఉంది. ఇక్కడ ఏసీ కదా, నాకు పడలా.

చెల్లి రూబీనా?…

…పడుకుంది.

ఆ, పడుకుందమ్మా. లోపల ఐసీయూలో. మనల్ని ఊరికే రానివ్వరు… చూశా, పొద్దున చూశా. ఫిట్స్ లేవు… తలనొప్పా? లేదు. తలనొప్పి కూడా లేదమ్మా ఇప్పుడు.

అది సరే, నీ దగ్గర ఎవరున్నారు?… ఎవరూ లేరా? పున్నమ్మ పిన్ని ఏదీ?… ఓ, చర్చికా. అవును కదా, ఆదివారం. నాకు వారాలు కూడా తెలియట్లా… పాస్టరు గారు దాని కోసం ప్రార్థన పెట్టారా…

…చెయ్యనీ. చెయ్యనీ అమ్మా.

పేటంతా అక్కడే ఉందన్నమాట. ఇంట్లో నువ్వూ పాపా… ఒళ్లోనే ఉందా… సరే. కూర్చునే ఉన్నావుగా? కూర్చో. నిలబడి మాట్లాడకు.

ఒక్క నిమిషం ఉండమ్మా, ఎవరో పిలుస్తున్నారు. ఫోన్ పెట్టేయకు. లైన్లోనే ఉండు.

—అభిషేక్, ఇటు రా. గట్టిగా ఏడవకు నాయనా, అమ్మ లైన్లో ఉంది. రూబీ పోయిందని ఆమెకింకా తెలీదు. ఎట్టా చెప్పను ఫోన్లో? ఇంట్లో ఒక్కతే ఉంది, ఒళ్లో పసిగుడ్డు. చిట్టిబాబు బండి మీద బయల్దేరాడు, వేమూరు దాటుంటాడు. తమ్ముడు ఇంటికి చేరేదాకా నేనామెని మాటల్లో పెడతా. నువ్వెళ్లి ఆ కాగితాల మీద సంతకం పెట్టు… వెళ్లు బాబూ. దాన్నక్కడ ఒక్కదాన్నే ఉంచకు.

—ఆ, అమ్మా… ఎవరో పక్క మంచం వాళ్లు. వాళ్ల తాలూకు మనిషి ఏడుస్తున్నాడు… ఏమో, ఎవరికి ఏమైందో నాకేం తెలుసు.

నువ్వేమన్నా తిన్నావా?… టీ తాగితే తిన్నట్టా? నిన్నటి అన్నం ఉందా?… సరేలే, ముద్ద దిగకపోతే మానెయ్.

పాప తాగిందా?… డబ్బా పాలు… చెంచాతో పడుతున్నావా. కక్కిందా?… కొంచెం కొంచెంగా పట్టు. తలెత్తి పట్టు… ఏంటీ?

…

నోరు తెరిచి అటూ ఇటూ వెతుక్కుంటోందా…

…వెతుక్కుంటదమ్మా. వాసన తెలుస్తది కదా వాటికి.

ఆ… ఏంటి?… పాలు గడ్డకట్టకుండా పిండేయమనా… పిండేశారు. నర్సు పిండింది… ఆ, జ్వరమేం రాదులే.

వియ్యపురాలికా? ఫోన్ చేశాం. బాపట్ల నుంచి బయల్దేరారు అభిషేక్ వాళ్ల అమ్మా నాన్నా… ఎందుకంటే? కోడలికి బాగోకపోతే రారా? అదేం ప్రశ్నమ్మా.

డాక్టరు గారు… ఆ, మాట్లాడా. తలలో నరంలో రక్తం గడ్డకట్టిందన్నారు. అందుకే ఆ తలనొప్పి, ఆ ఫిట్స్.

…ఎందువల్లంటే… నాకేం తెలుసు, నేనేమన్నా డాక్టర్నా.

…గాలి సోకడం కాదమ్మా.

కాదు. చెవుల్లో దూది బాగానే కుక్కావు, నాకు తెలుసు. దూది అది తీయలేదు కూడా. ఎండకి తలకి కట్టిన గుడ్డ విప్పిందంట పాపం, ఒక్క పూట… పచ్చి ఒంటికి గాలి కొట్టి కాదు. చెప్తున్నాగా.

ఏంటీ?… డాక్టరుకి చెప్పాలా? ఏమని?

…నీళ్లు ఎక్కువ ఇవ్వొద్దని.

అమ్మా…

సెలైన్ పెట్టారు. నిన్న రాగానే పెట్టారు… సెలైనంటే నీళ్లే. ఉప్పు నీళ్లు… ఆ, సీసా నిండా. రెండు చేతులకీ… పొట్ట సాగి జారదు. ఏం జారదు. నువ్వు ఊరుకో కాసేపు.

నేను కసురుకోవట్లా.

కసురుకుంటున్నా, అవును. ఏం చెయ్యమంటావు మరి? ఈ రోహిణి ఎండలకి మన వీధిలో కుక్కలు కాలవలోకి దిగి కూర్చుంటున్నాయి. దాన్నేమో తలుపులు మూసిన గదిలో పెట్టావు. మంచం కింద కుంపటి. వెల్లుల్లి కారం, శొంఠి పొడి, కాయం, నెయ్యి. పొద్దునొక గుక్క, రాత్రొక గుక్క, అవీ కాచిన నీళ్లు. మనిషా అది, ఇటుకా? బట్టీలో పెట్టి కాల్చడానికి?

నువ్వు గేదెకి ఎట్టా చేస్తావో చెప్పు. ఈనిన గేదెకి కుడితి తొట్టి ఖాళీ అవనిస్తావా? నిండా పోస్తావు, తవుడు కలిపి, పక్కన నిలబడి మరీ తాగిస్తావు. ఎందుకు? పాలివ్వాలని. మరి ఇది పాలివ్వట్లా?

…

అమ్మా… ఉన్నావా?

…ఉన్నావు కదా. పెట్టేశావేమో అనుకున్నా. పెట్టేయకు… నేను తిట్టినా పెట్టేయకు.

రేపల్లెలో నర్సు చెప్పిందిగా, కాన్పయ్యి పంపించేటప్పుడు. నీళ్లు బాగా తాగాలమ్మా అని. నువ్వు తలూపావు. ఆటో ఎక్కగానే దాని చేతిలో సీసా తీసుకుని డ్రైవరుకిచ్చావు, నువ్వు తాగు నాయనా ఎండన పడి వచ్చావని. వాడు గటగటా తాగాడు. ఇది చూస్తా కూర్చుంది. నేను అదే ఆటోలో ఉన్నా. నవ్వొచ్చింది నాకు అప్పుడు.

…తెలుసు. మంచికే చేశావు. నీకంటే దాన్ని ఎవరు బాగా చూస్తారు? రాత్రుళ్లు కునుకు లేదు నీకు. కాదనట్లా.

ఇంటికెళ్లాక నాకు ఫోన్ చేసింది తెలుసా… ఆ, నీకు తెలీకుండానే. దుప్పట్లో నోరు పెట్టుకుని మాట్లాడింది. నాలుక పిడచకట్టుకు పోతోందక్కా అంది. నేనేం చెప్పానంటే, ఓసి పిచ్చిదానా, అడుక్కోవడమేంటి, దొంగతనంగా తాగు అన్నా. స్నానానికి కాచిన నీళ్లున్నాయి కదా అన్నా.

…తాగలా. ఒట్టు వేయించుకున్నావంట నువ్వు.

పాప తల మీద చెయ్యి పెట్టించి.

…

ఇంకేం తాగుద్ది అది? నీకు తెలీదులే, గుడ్ ఫ్రైడే ఉపవాసం రోజు నేను ఊరగాయ గదిలో కూర్చుని బెల్లం ముక్క తింటుంటే చూసింది. ఇంతుంది అప్పుడు. సగం ఇస్తానే అన్నా. ఏడ్చింది కానీ నోట్లో పెట్టుకోలా. నా మీద నీకు చెప్పనూ లేదు. నేను పెంకిదాన్ని, అది బంగారం. అదే చెప్పుకునేదానివిగా అందరికీ.

బంగారమే.

…లేదమ్మా, ఏడవట్లా. ఏసీ పడలేదన్నాగా.

ఏంటీ?… నన్నా?… ఆ, నన్నూ అట్టాగే చూశావు. అదే గది. అదే కుంపటి. అవును, బాగానే ఉన్నా. గుండ్రాయిలా ఉన్నా. నా సింధు కాలేజీకి వెళ్తోంది. అంతా నిజమే.

అమ్మా, నేను తాగా.

…నీళ్లమ్మా. తాగా నేను. రోజూ.

వావిలాకు వేసి కాగు నిండా కాచేదానివి కదా, స్నానానికి. పున్నమ్మ పిన్ని నా వీపు రుద్ది సబ్బు కోసం అటు తిరగ్గానే చెంబు ముంచేదాన్ని. చేదు విషం. వేడికి నాలుక కాలేది. అయినా చెంబుడు తాగితే గానీ ఆపేదాన్ని కాదు… పిన్నికి తెలుసేమో. ఒకసారి సబ్బు చేతిలో పెట్టుకునే వెతుక్కుంది చాలాసేపు.

నీకు చెప్పలా. చెప్తే తిడతావని. నువ్వేమో మా కరుణకి ఎంత పథ్యం చేశానో అని ఊరంతా చెప్పుకున్నావు. చెప్పుకోనీలే అనుకున్నా.

…

అమ్మా?

…అమ్మా, మాట్లాడు. ఏంటది, నవ్వుతున్నావా? ఏడుస్తున్నావా?

…ఏంటీ?

నువ్వు కూడానా?

…ఎప్పుడు?… నన్ను కన్నప్పుడా? మరి నాయనమ్మ ఊరుకుందా?… చూడలేదు. సరే. ఆ తర్వాత… నా తర్వాత పుట్టిన పిల్లాడి పురిటికి… ఆ. చెప్పు. వింటున్నా.

…గొడ్ల చావిట్లోనా?

గేదె తాగే తొట్లో… అమ్మా. మూతి పెట్టి తాగావా. చెంబు చప్పుడవుద్దని…

…

నాయనమ్మ చూసింది.

…అప్పుడేం అనలా. మరి ఎప్పుడంది?… పిల్లాడికి డొక్కలెగరేసినప్పుడు… ఊపిరి అందక ప్రాణం పోయాక…

…ఏమంది?

ఇంకోసారి చెప్పమ్మా. సరిగ్గా వినబడలా.

…"నీ దాహం తీరింది, నా మనవడి ఆయుష్షు తీరింది."

పిల్లాడు చాప మీద ఉండగానే అందా?

…

నాన్న ఏమన్నాడు?… ఆయనేం అనడులే ఎప్పుడూ.

ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదు?… అవునులే. నేను చెప్పానా నీకు, చెంబు సంగతి? ఇంట్లో ఇంతమంది ఆడవాళ్లం, అది తప్ప అందరం తాగాం. ఎవరూ చెప్పలా.

అందుకా… అందుకే రూబీ గది గడపకడ్డంగా పడుకున్నావు. నీళ్ల బిందె గడప బయట పెట్టుకుని. చిట్టి చెప్పాడు. ఏంటక్కా అమ్మ, పోలీసోళ్లలాగా కాపలా అన్నాడు. నేనేమో నీది మొండితనం అనుకున్నా. మా అమ్మది చాదస్తం అని నలుగురితో చెప్పా.

నువ్వు పాప కోసం భయపడ్డావు. ఈ పాప కూడా పోతుందేమోనని.

…

అమ్మా, విను. ఏడవకు, ముందు విను. పాపకి తగులుతాయి నీ కన్నీళ్లు, తుడుచుకో. తుడుచుకున్నావా?

ఆ పిల్లాడు నువ్వు తాగిన నీళ్ల వల్ల పోలా. వాడికి నిమ్ము చేసింది. డొక్కలెగరేయడమంటే అదే. ఊపిరితిత్తులకి నిమ్ము. డాక్టరు దగ్గరికి తీసుకుపోతే సూదేసేవాళ్లు, బతికేవాడేమో. తీసుకెళ్లలా ఎవరూ. అంతే. తల్లి నీళ్లు తాగితే బిడ్డకేం కాదమ్మా. పాలు బాగా పడతాయి. నేను తాగి ఇచ్చిన పాలతోనే సింధు పెరగలా? నన్ను కన్నప్పుడు నువ్వు తాగావు, నేను బతకలా?

…దేవుడి మీద ఒట్టు. నువ్వు చంపుకోలా వాడిని. నాయనమ్మది తప్పు మాట. చచ్చి ఏ లోకంలో ఉందో గానీ, తప్పే మాట్లాడింది.

ఆ… ఏడువు. ఏడువు మరి. వాడి కోసం ఏడవనియ్యలేదంటగా నిన్ను. ఇప్పుడేడువు.

…

…

ఏంటమ్మా?

…మళ్లీ అడుగు.

…

రూబీకి… దేనివల్ల…

…

ఇప్పుడెందుకమ్మా అవన్నీ?

…అడగొద్దు. చిట్టి ఇంకా రాలా?… ఆ, వస్తున్నాడు వాడు అటు. ఏదో పని మీద… ఏమో, నాతో చెప్పలా.

…అమ్మా, నేను అబద్ధమాడితే నీకు తెలిసిపోద్దా ఇట్టా?

…సరే.

డాక్టరు గారు నన్ను పక్కకి పిలిచి మొట్టమొదట అడిగింది అదే. కాన్పయ్యాక ఈ అమ్మాయికి నీళ్లు ఇచ్చారా అని. ఒంట్లో నీళ్లు లేక రక్తం చిక్కబడిపోయిందంట. పురిటి ఆడవాళ్లకి అసలే గడ్డకట్టే గుణం ఎక్కువంట. తలలో నరం మూసుకుపోయింది. రెండ్రోజుల తలనొప్పికి శొంఠి పట్టు వేశాం కదా… అప్పుడే తీసుకురావాల్సిందన్నారు.

…అవునమ్మా.

నీళ్ల వల్లే. నీళ్లు లేకే.

…

నీకు ఎవరూ చెప్పలా. తప్పు మాట ఒకటి చెప్పి, దాంతో నిన్ను వదిలేశారు. నీకు తెలిస్తే చేస్తావా? నీ ప్రాణం కాదూ అది.

అమ్మా… మాట్లాడు. నన్ను తిట్టు, ఏదన్నా అను.

…ఏంటి?

…

ఇప్పుడు ఇమ్మంటున్నావా.

…నీళ్లు.

అడిగినన్ని ఇమ్మంటున్నావా… ఒట్టు తీసేశానని చెప్పమంటున్నావా దానికి…

…

ఆ.

…ఆ, వింటున్నా. కుండలో చల్లటి నీళ్లు… అవును, దానికవే ఇష్టం. చిన్నప్పటి నుంచీ… ఫ్రిజ్జు నీళ్లు తాగదు… తెలుసు.

చెప్తా అమ్మా.

చెప్తా. అమ్మ తాగమందని చెప్తా.

…దాని చెవిలోనే చెప్తా.

…

ఏంటా చప్పుడు?… బండా? వాకిట్లోనా?

చిట్టి వచ్చాడా…

అమ్మా, నా మాట విను. ముందు పాపని మంచం మీద పడుకోబెట్టు. లేవకు, ఎదురెళ్లకు. వాడే వస్తాడు లోపలికి. పాపని పడుకోబెట్టు… పక్కన దిండు అడ్డం పెట్టు… పెట్టావా… ఆ.

…వాడి మొహం అట్టా ఉందేంటంటే… వాడే చెప్తాడమ్మా. వాడు చెప్పేది విను. నేను లైన్లోనే ఉన్నా. ఇక్కడే ఉన్నా.

…

అమ్మా.

…

…

పాప ఏడుస్తోంది… ఎవరన్నా ఎత్తుకోండి… చిట్టీ… ఫోన్ ఎక్కడ పడిందిరా… చిట్టీ…

…ఆ, నేనేరా. చెప్పావా?… సరే. నువ్వేడవకు. నువ్వేడిస్తే ఆమె లేవదు. గోడకి ఆనించి కూర్చోబెట్టు… పలకట్లేదా? కళ్లు తెరిచే ఉందా?… చూస్తోందా. ఎటు?

…

బిందె ఇంకా అక్కడే ఉందా, ఆ గది గడప బయట?

…అందులోవే ముంచు. అవే నీళ్లు. ముంచి అమ్మకి పట్టు.

…మొహం తిప్పుకుంటోందా.

…ఏమంటోంది?… వినబడిందిలే. వినబడింది నాకు.

అది తాగని నీళ్లు తనకి వద్దంటోంది.

…చిట్టీ, ఆమె చెయ్యి పట్టుకో. అమ్మా, రూబీ పట్టమంది అని చెప్పు… చెప్పరా. అబద్ధం కాదు, అది ఇక్కడుంటే అదే మాటనేది… తల ఎత్తి పట్టుకో… పెదాలకి ఆనించు…

…తాగిందా?… గుక్కా?

ఒక్క గుక్కతో ఆపకురా.

గ్లాసు నిండా పట్టు.